అక్షింతల పురుగు ఏం తింటే గుడ్లు పెడుతుంది?

తొలకరి పడితే మా వజ్రకరూరు చేలల్లో అందరూ వజ్రాలు వెతుకుతారు. మనం ఈరోజు శెనక్కాయ ఆకు కింద వెతుకుదాం.

ఎర్రగా, నల్లమచ్చలతో కనిపించేది అక్షింతల పురుగు. దాని అసలు తిండి పేనుబంక. అది దొరక్కపోతే పుప్పొడి తింటుంది. కానీ అది ఫోన్‌లో పవర్ సేవింగ్ మోడ్ లాంటిది: బతుకుతుంది, గుడ్లు మాత్రం సరిగా పెట్టదు. ఆకలి ముదిరితే తన జాతి గుడ్లనే తినేస్తుంది.

పేనుబంక దండిగా ఉంటే మాత్రం దాని పక్కనే పసుప్పచ్చ గుడ్లు గుత్తిగా పెడుతుంది. చిన్న మొసలిలా ఉండే పిల్లపురుగులు పుట్టి, ఆ బంకనే తింటాయి.

నాలుగు మొక్కలకి బంక కనబడగానే మందు కొడితే ఇవీ చస్తాయి, వీటి తిండీ పోతుంది. పేనుబంక మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది, తొందరగా తిరిగొస్తుంది. అక్షింతల పురుగు అంత తొందరగా రాదు.

మందు కలిపేముందు ఆకు తిప్పి చూడమని ఇంట్లో చెప్పండి.