సంఘర్షణము – శ్రవణము



రెండు సంస్కృతులు ఒకచోట కలిసినప్పుడు ఏమి జరుగుతుంది? కొందరు అది సంగమము అంటారు, కొందరు సంఘర్షణము అంటారు. మొదటి మాట వినడానికి ఇంపుగా ఉంటుంది, రెండవది భయము కలిగిస్తుంది. కాని సంఘర్షణము అనే మాటకు అసలు అర్థము రెండు వస్తువులు ఒకదానితో ఒకటి రాసుకొనుట. అది మన శ్రౌతములో నిత్యము కనిపించే క్రియయే. క్రింద అధరారణి, పైన ఉత్తరారణి ఉంచి మథిస్తే అగ్ని పుడుతుంది. ఆ అగ్నియందే హోమము చేస్తాము. ఆదిలాబాదు అడవులలో వేసవి గాలికి రెండు వెదుళ్ళు ఒరసికొన్నా అగ్నియే పుడుతుంది. అది కార్చిచ్చు, అడవినంతా దహిస్తుంది. రాపిడి రెండు చోట్లా ఒక్కటే. ఒకచోట పట్టుకొన్న చేయి ఉన్నది, పక్కన నియమము ఉన్నది. రెండవచోట అవి లేవు. భేదమంతా ఇంతే. ఈ దృష్టితో మన ఉత్తర తెలంగాణ చరిత్రను ఈనాడు కొంచెము విచారిద్దాము.

మన కరీంనగరము జిల్లా గంగాధర మండలములో కురిక్యాల సమీపమున బొమ్మలమ్మ గుట్ట ఉన్నది. ఆ రాతిమీద క్రీస్తుశకము 945 ప్రాంతములో జినవల్లభుడు వేయించిన శాసనము నేటికీ నిలిచి ఉన్నది. అతడు కన్నడములో విక్రమార్జున విజయము రచించిన పంప మహాకవికి తమ్ముడు. ఆ కవికి ఆశ్రయమిచ్చినవాడు వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి. ఆ ఒక్క శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలూ ఉన్నవి. అందులోని తెలుగు కంద పద్యములు నన్నయ భట్టారకునికి దాదాపు నూరేండ్లు ముందటివి. వేయించినవాడు జైనుడు, నేల తెలుగు నేల, రాజసభలో వెలిగిన కావ్యభాష కన్నడము. ఒకరి భాషను మరొకరు చెరపకుండా ఒకే రాయిమీద చోటు చేసుకొన్నారు. ఆ చాళుక్యులనాడే వేములవాడలో జినాలయము వెలసినది. తరువాతి కాలములో అక్కడి రాజరాజేశ్వర స్వామివారి ఆలయ ప్రాంగణములోనే ఒక దర్గా ఏర్పడి, తరతరములుగా భక్తులు స్వామిని సేవించి అక్కడ కూడ తలవంచినారు. ఇది అరణి మథనము వంటి కలయిక.

ఇక కార్చిచ్చు సంగతి. గోదావరికి ఉత్తరమున, నాటి ఆదిలాబాదు జిల్లా కొండలలో గోండులు, కోలాములు, ప్రధానులు, తోటీలు తరతరములుగా నివసిస్తున్నారు. వారు పోడు కొట్టుకొని, కొంతకాలము సాగు చేసి, నేల అలసిపోతే దానికి విశ్రాంతినిచ్చి మరొకచోటికి వెళ్ళేవారు. ఈ చేను ఎవరిది, ఈ హద్దు ఏ చెట్టుదాక అన్నది గూడెము పటేలుకు, పెద్దలకు తెలుసు. వారి మాటయే దస్తావేజు. అంతకు మించిన కాగితము వారికి అవసరము కాలేదు.

నిజాము రాజ్యములో అడవికి హద్దులు గీసి రక్షిత అరణ్యములుగా ప్రకటించినారు. 1920ల చివర కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలుమార్గము పూర్తియైనది. బాటలు పడినవి. మైదానముల నుండి, మరాఠీ ప్రాంతముల నుండి సేద్యము కొరకు, వ్యాపారము కొరకు జనము వచ్చినారు. వచ్చినవారందరూ దుర్మార్గులు కారు. వారిలో ఎందరో పొట్టచేతబట్టుకొని వచ్చినవారే. కాని వారికి కచేరీ తెలుసు, పట్వారీ తెలుసు, పట్టా అంటే ఏమిటో తెలుసు. గోండుకు అవి తెలియవు. అతడు విశ్రాంతికి విడిచిన చేను కచేరీ లెక్కలో ఖాళీ భూమి అయినది. ఖాళీ భూమికి అర్జీ పెట్టుకొన్నవాడు పట్టాదారు అయినాడు. మూడు తరములుగా దున్నినవాడు తన చేనులోనే అక్రమముగా చొరబడినవాడైనాడు. పశువులు మేసినందుకు పన్ను, కట్టె కొట్టినందుకు దండుగ, ఇవ్వలేకపోతే జంగ్లాత్ వారి దెబ్బలు.

చూచితిరా! ఇక్కడ దేవునికీ దేవునికీ పోరాటము లేదు. ఆచారమునకు ఆచారముతో శత్రుత్వము లేదు. ఒక సంస్కృతిలో నోటిమాట ప్రమాణము, మరొక సంస్కృతిలో కాగితము ప్రమాణము. కాగితము వచ్చి, నోటిమాటను ప్రమాణమే కాదన్నది. రాపిడి అక్కడ పుట్టినది.

కుమ్రం భీం నాయకత్వములో జోడేఘాట్ చుట్టుప్రక్కల గూడెముల వారు మొదట అర్జీలే పెట్టుకొన్నారు. విన్నవారు లేరు. వినకపోవుటయే తుదకు తుపాకి అయినది. 1940లో జోడేఘాట్ కొండమీద భీం, అతని అనుచరులు కొందరు పోలీసు కాల్పులలో మరణించినారు. నేటికీ ప్రతి ఆశ్వయుజ పౌర్ణమినాడు అక్కడ అతని వర్ధంతి జరుగుతున్నది. 2016లో జిల్లాలు విభజించినప్పుడు ఒక జిల్లాకు అతని పేరే పెట్టినారు.

ఆ రక్తపాతము తరువాత ప్రభుత్వమునకు ఒక సందేహము కలిగినది: వీరు ఎందుకు తిరుగబడినారు? తెలుసుకొనే పని ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్‌కు వచ్చినది. ఆయన కచేరీలో కూర్చుండి పని చేయలేదు. భార్య ఎలిజబెత్‌తో కూడ మార్లవాయి గూడెములో నివసించి, వారి భాష నేర్చి, వారి కథలు విన్నాడు. ఆయన సూచనల ఫలితముగా వేల కుటుంబములకు భూమి పట్టాలు లభించినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము ఏర్పడి, గోండీ భాషలో చదువు మొదలైనది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు స్వయముగా వచ్చి గిరిజనుల మొర వినే దర్బారు కూడ ఆ 1940లలో ఆరంభమైనదే. వినుటకొరకే ఒక సభ! ఇది సామాన్యమైన విషయము కాదు.

అయితే ఒకసారి వింటే సరిపోదు. 1970లో గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని చట్టము గట్టిపడినది. అయినను భూమి వివాదములు ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనులపై మళ్ళీ కాల్పులు జరిగినవి. 2017లో ఆదివాసులకు, లంబాడాలకు నడుమ ఉద్రిక్తత చెలరేగినది. చెవి మూసుకొన్న ప్రతిసారీ వెదుళ్ళు ఒరసికొంటూనే ఉన్నవి.

ఇది మన దేశమునకే పరిమితము కాదు. న్యూజిలాండులో 1840లో మావోరీ ప్రజల నాయకులకు, ఆంగ్లేయులకు వైతాంగి అనుచోట ఒక ఒడంబడిక జరిగినది. ఆంగ్ల ప్రతిలో ఉన్న అర్థము ఒకటి, మావోరీ ప్రతిలో ఉన్న అర్థము మరొకటి. ఆ భేదము వలన భూములు పోయినవి, యుద్ధములు వచ్చినవి. 1975లో అక్కడ ఒక న్యాయమండలి ఏర్పడినది. అది మావోరీ వృద్ధులు నోటితో చెప్పే వంశకథలను కూడ సాక్ష్యముగా వింటున్నది. నూటముప్పదియైదు ఏండ్లకు వారికి చెవి తెరుచుకొన్నది.

ఇప్పుడు నా సంగతి ఒకటి మనవి చేసుకోవలెను. ఏబది ఏండ్లు దాటినవి. అప్పుడే క్రమపాఠము ముగించి పాఠశాల నుండి వచ్చినాను. పంతొమ్మిది ఏండ్ల వయస్సు, విద్య కంటె విద్యాగర్వము ఎక్కువ. పుష్యమాసములో గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్న బంధువుల ఇంటికి ఒక కార్యమునకు వెళ్ళినాను. తెల్లవారి స్నానమునకు పోగా, తెల్లని ధోవతులు, తలపాగాలు ధరించిన కొందరు పాదరక్షలు లేకుండ నడచివచ్చి, నదిలో దిగి కలశము నింపుకొంటున్నారు. మెస్రం వంశపు గోండులు. నాగోబా అభిషేకమునకు గంగాజలము తీసికొనిపోవుటకు ఎన్నో రోజులు నడచి వచ్చినారు. నేను నవ్వుతూ ఒక వృద్ధుని అడిగినాను: "ఈ అభిషేకానికి మంత్రము ఏమైనా ఉన్నదా? మీకెవరు నేర్పినారు?"

ఆయన కోపగించలేదు. "మా ప్రధాన్ కిక్రి వాయించుకుంట మా పెద్దల కథ పాడుతడు, పంతులూ. మేము వింటం. ఒక్క పేరు తప్పినా ముసలోళ్ళు ఆపుతరు. మళ్ల మొదటికెంచి పాడాలె. మీ చదువు గూడ గిట్లనే నోట్లనే ఉంటదటగద, నిజమేనా?" అని అడిగినాడు.

నాకు సమాధానము తోచలేదు. ఒక స్వరము తప్పినందుకు మా గురువుగారు అనువాకము మొదటినుండి ఎన్నిసార్లు చెప్పించినారో నాకు గుర్తు వచ్చినది. అయినను నా నోటివెంట అవునన్న మాట రాలేదు. వారు మా బంధువుల ఇంటి ముందుగానే తిరిగిపోయినారు. అరుగు ఖాళీగా ఉన్నది. కొంచెముసేపు కూర్చుండుమని వారితో నేను అనలేదు. ఎవరైనా ఏమనుకొంటారో అనుకొన్నాను. ఆ వృద్ధుడు అరుగువైపు ఒకసారి చూచి, ముందుకు సాగిపోయినాడు. ఆ చూపు నేటికీ నన్ను విడువలేదు.

మహాశయులారా, మన వేదమునకు శ్రుతి అని పేరు. శ్రుతి అనగా వినబడినది. వేలయేండ్లు అది కాగితము మీద కాక, గురువు నోటినుండి శిష్యుని చెవికి సాగివచ్చినది. వ్రాసుకొని చదివేవానిని మన పెద్దలు తక్కువగా చూచినారు. ఆప్తుడైనవాని మాట ప్రమాణమని మన శాస్త్రములు శబ్దప్రమాణమును అంగీకరించినవి. అట్టి మనము, గోండు పెద్ద "ఈ చేను మా తాతది" అని నోటితో చెప్పినప్పుడు, "కాగితము ఏదీ?" అని అడిగినవారి పక్కన నిలిచినాము. కనీసము మాటాడక ఊరకున్నాము. అందరికంటె ముందుగా ఆ మాట విలువ తెలియవలసినది మనకు కాదా?

ఇక్కడ కొందరు ఒక సందేహము అడుగుతారు. "ఇతరుల ఆచారమును గౌరవిస్తే మన ఆచారము సడలిపోదా?" అని. సడలదు. కేస్లాపూర్ జాతరనే చూడండి. పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకము జరుగుతుంది. ఆ జలము మన ధర్మపురిలో నరసింహస్వామి పాదముల చెంత ప్రవహించే గోదావరియే. పూజకు కావలసిన కుండలను సిరికొండలోని కుమ్మరి కుటుంబము తరతరములుగా చేసి ఇస్తున్నది. వారు గోండులు కారు. కుండ ఒకరిది, నీరు నదిది, పూజ మెస్రం వారిది. కుండ చేసినందుకు కుమ్మరి గోండు కాలేదు, కుండ పుచ్చుకొన్నందుకు గోండు తన దేవుని విడువలేదు. ఆ జాతరలోనే, వేరే వంశముల నుండి వచ్చిన క్రొత్త కోడండ్రను దేవునికి, పెద్దలకు పరిచయము చేసే భేటి అను ఆచారము ఉన్నది. బయటినుండి వచ్చినదానిని ఎట్లు లోపలికి ఆహ్వానించవలెనో వారికి తెలుసు. 2022లో మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసికొని నాగోబాకు క్రొత్త రాతి ఆలయము నిర్మించుకొన్నారు.

చివరకు కాళేశ్వరమునకు వద్దాము. అక్కడ ఒకే పానవట్టము మీద రెండు లింగములు. ఒకటి కాళేశ్వరుడు, రెండవది ముక్తీశ్వరుడు. ఇద్దరికీ అభిషేకము జరుగుతుంది, ఒకరిలో ఒకరు కరిగిపోలేదు. వెలుపల గోదావరిలో ప్రాణహిత కలుస్తుంది. గోదావరి ఉపనదులలో అదియే పెద్దది, అడవుల మీదుగా వచ్చినది. సంగమము దాటిన తరువాత నదికి గోదావరి అనియే పేరు. ప్రాణహిత పేరు వినబడదు. కాని క్రింద పొలములు తడిపే నీటిలో ఆమె భాగము ఉన్నది. రెండు సంస్కృతులు కలిసినప్పుడు పేరు ఒకరిది మిగులుతుంది. పేరు మిగిలినవానికే బాధ్యత ఎక్కువ. తనలో ఎవరి నీరు ఉన్నదో వాడు మరువరాదు.

కాబట్టి నా విన్నపము ఒక్కటే. రాబోయే పుష్యమాసములో మీ ఊరి బాటమీద తెల్లని తలపాగాలవారు కలశముతో నడచిపోతూ కనబడితే, ఎదురేగి అరుగు చూపండి. దాహమునకు నీరు ఇవ్వండి. వారికి తీరిక ఉంటే వారి కథ ఒకటి చెప్పుమని అడగండి, చెప్పినంతసేపు వినండి. మీ గ్రామములో భూమి తగాదా వచ్చినప్పుడు కాగితము లేనివాని మాట కూడ చివరిదాక వినండి. ఆనాడు నేను చేయని పని ఇది. మీరు చేస్తే నా ఋణము కొంతైనా తీరుతుంది.

స్వస్తి.