లోహలక్షణములు – గృహిణు లెఱుగదగినవి

వంటయింటి బిందె మొదలు మెడలోని పుస్తెల వఱకు మనకు నిత్యము లోహములతోడనే పని. అయినను లోహమన నేమని యెవరైన నడిగినచో “తళతళలాడునది” యని చెప్పి యూరకుందుము. ఆ యొక్క గుర్తునే నమ్మినవారు మోసపోవుదురు. స్త్రీధనములో పెద్దభాగము బంగారముగనే యుండు మన దేశమున ఈ విషయము నెఱుగుట విద్య మాత్రమే కాదు, ధనరక్షణము కూడ.

ఇనుమును గంధకమును కలిసి యేర్పడిన పైరైటు అను ఖనిజ మొకటి కలదు. అది పసుపువన్నెతో మెఱయుచు బంగారమువలె గన్పట్టును. రెంటిని సుత్తితో మోదినచో భేదము తేటపడును. బంగారము సాగి రేకగును. పైరైటు పగిలి పొడియగును. 1 గ్రాము బంగారమును సుమారు 2 కిలోమీటర్ల తీగగా సాగదీయవచ్చును. ఇట్లు రేకగుటయు, తీగగుటయు లోహగుణములు. అలోహమగు గంధకము దెబ్బకు నలిగిపోవును.

రెండవ గుర్తు వేడిని ప్రసరింపజేయుట. వేకువను ఇత్తడిచెంబు చల్లగను, ప్రక్కనున్న కొయ్యపీట అంత చల్లగా లేనట్లును తోచును. నిజమునకు రెండును ఒక్కతీరు చల్లనివే. లోహము చేతివేడిని త్వరగా లాగికొనుటచే మన కట్లు తోచును. రాగి స్టెయిన్‌లెస్ ఉక్కుకంటె 20 రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. కావుననే రాగియడుగు గల పాత్రలో వేడి సమముగా పఱచుకొని వంటకము సులభముగా నడుగంటదు. విద్యుత్తు విషయమున వెండి మొదటిది, రాగి రెండవది. తెగిపడిన కరెంటుతీగను ఇనుపకడ్డీతో కదలింపబోవుట ప్రాణాపాయకరమని పిల్లలకు తప్పక చెప్పవలెను.

ఈ గుణములకు మూల మొక్కటియే. లోహములలో కొన్ని ఎలక్ట్రానులు ఏ యొక్క పరమాణువునకును కట్టుబడక సంచరించుచుండును. విద్యుత్తును, వేడిని మోయునవియు, వెలుగును త్రిప్పికొట్టి మెఱపు నిచ్చునవియు, దెబ్బకు పరమాణువుల వరుసలు జరిగినను విడిపోకుండ పట్టియుంచునవియు అవియే.

అయినను అపవాదములు కలవు. పాదరసము లోహమయ్యును ద్రవము. సోడియము కత్తికి తెగునంత మెత్తనిది. అయొడిను అలోహమయ్యును మెఱయును. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుత్తును పోనిచ్చును. కావున గుణములన్నిటిని కూడ జూచి నిర్ణయింపవలెనే గాని యొక్కదానిని బట్టి కాదు.

బంగారము కొనునపుడును ఇంతియే. అది నీటికంటె 19 రెట్లకు పైగా బరువైనది. కాని టంగ్‌స్టను అను లోహమును దాదాపు అంతే బరువు. కనుక బరువొక్కటియే చాలదు. ఒరగల్లుపై పసిడిని గీచి పరీక్షించు విధము కౌటిల్యుని అర్థశాస్త్రముననే యున్నది. మన దేశమున 2021 జూన్ మొదలు పెక్కు జిల్లాలలో బంగారునగలకు హాల్‌మార్కు తప్పనిసరి యైనది. 22 కారెట్ల నగపై నుండు 916 అను అంకె, వేయిపాళ్లలో 916 పాళ్లు బంగారమని తెలుపును. ఆ ముద్రను, దాని ప్రక్కనుండు ఆరక్షరముల గుర్తును చూచి, రసీదు పుచ్చుకొనియే సొమ్ము చెల్లింపుడు. ఎంత తెలిసిన అంగడియైనను ఈ మాట అడుగుటకు మొగమాటపడవలదు.