పొగపెట్టె కొనువారికి సూచనలు

పెరటిలో మాంసమునకు, కోడికి, చేపకు పొగ పట్టించుటకై ఇనుప పెట్టె కొనదలచినచో ధరకన్న ముందు మూడు సంగతులు చూడవలెను.

మొదటిది రేకు. పాత పీపాను కోసి చేసిన పెట్టె చవకగా దొరకును. కాని మంగళగిరి వంటి పత్తి, మిరప ప్రాంతములలో ఆ పీపా పురుగుమందుది కావచ్చును. అట్టి దానిని ఎంత కడిగినను, ఎంత కాల్చినను ఆహారమునకు పనికిరాదు. జింకు పూత రేకు నిప్పు తగిలినచో హానికరమైన పొగ విడుచును. పూత లేని మందపు ఇనుప రేకు మేలు.

రెండవది కట్టడము. నిప్పుగూడు వేరుగా, మాంసముంచు అర వేరుగా ఉండవలెను. కొవ్వు నిప్పులపై పడి లేచు పొగలో కాన్సరు కలిగించు పదార్థములుండును. కావున కొవ్వు పట్టు పళ్లెము తప్పనిసరి. క్రింద గాలికి, పైన పొగకు, తెరచి మూయదగిన దారులుండవలెను.

మూడవది వంటచెరకు. ఉచితముగా దొరకును గదా అని పత్తికట్టె, మిరపకట్టె వాడరాదు. వానిపై మందు మిగిలి యుండవచ్చును. బాగుగా ఎండిన తుమ్మ, మామిడి, జామ కట్టె వాడుడు. రంగు పూసిన చెక్క వలదు.

పొగ పట్టినంత మాత్రమున మాంసము నిలువ ఉండదు. ముక్క నడుమ వేడిమి 74 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరినదని థర్మామీటరుతో చూడవలెను. మిగిలినది ఫ్రిజ్‌లో ఉంచి 3, 4 రోజులలో తినవలెను. పెట్టెను ఇంటిలోను, గడ్డివామి చెంతను వెలిగించరాదు.

"ఈ రేకు మునుపు దేనికి వాడినారు?" అని దుకాణదారుని అడుగుడు. సరియైన జవాబు రానిచో ఆ పెట్టె కొనవద్దు.