అంతర్జాతీయ పాఠశాల: కొత్త కుటుంబాల అపోహలు, అసలు వాస్తవాలు

తెలుగు కుటుంబాలు బడిని కొలిచే కొలబద్దలు చాలావరకు ర్యాంకు, సెక్షను, శాతం అనే మూడు మాటల చుట్టూ ఏర్పడినవి. ఉద్యోగరీత్యా దుబాయ్‌కో సింగపూర్‌కో వెళ్లిన కుటుంబమైనా, హైదరాబాద్‌లోనే ఉంటూ పిల్లలను కొత్తరకం బడిలో చేర్చిన కుటుంబమైనా ఆ కొలబద్దలనే వెంట తీసుకెళ్లడం సహజం. అంతర్జాతీయ పాఠశాల మాత్రం వేరొక అవసరం నుంచి పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల ఉద్యోగులు జెనీవాకు తరలివచ్చినప్పుడు, కొన్నేళ్లకు మరో దేశం వెళ్లిపోవలసిన తమ పిల్లలను ఏ దేశపు చదువులో పెట్టాలన్న చిక్కు ఎదురై, అడోల్ఫ్ ఫెరియేర్ వంటి విద్యావేత్తల తోడ్పాటుతో 1924లో అక్కడొక పాఠశాలను నెలకొల్పారు. (కమలా నెహ్రూ వైద్యం కోసం 1926లో నెహ్రూ కుటుంబం జెనీవాలో ఉన్నప్పుడు బాలిక ఇందిర కొంతకాలం చదివింది ఆ బడిలోనే.) పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడ్డాక, అక్కడికి వచ్చిన విదేశీ శాస్త్రవేత్తల కుటుంబాలకూ అదే అవసరం కలిగి, హైదరాబాద్‌లోనూ అటువంటి పాఠశాల ఒకటి వెలిసింది. వస్తూ పోతూ ఉండే జనం కోసం ఏర్పడిన బడి కనుక, దాని ఆచారాలలో కొత్తవారికి వింతగా తోచేవి చాలావరకు ఈ రాకపోకల నుంచే పుట్టినవి. కింది అపోహల్లో అధిక భాగం ఆ సంగతి మరుగున పడడం వల్ల కలిగినవే.

అపోహ: పేరులో "ఇంటర్నేషనల్" ఉంటే అది అంతర్జాతీయ చదువు చెప్పే బడే.

బోర్డు మీది పేరుకూ తరగతిలోని పాఠ్యప్రణాళికకూ సంబంధం ఉండి తీరాలని లేదు. మన నగరాల్లో ఆ పేరు పెట్టుకుని సీబీఎస్ఈ పాఠాలు చెప్పే పాఠశాలలు అనేకం ఉన్నాయి. అది తప్పేమీ కాదు గాని, చేర్చేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఏ పాఠ్యప్రణాళిక అన్నదే. ప్రధానంగా వినిపించేవి రెండు. 1968లో జెనీవా కేంద్రంగా ఏర్పడిన ఇంటర్నేషనల్ బాకలారియట్, అంటే ఐబీ, ప్రాథమిక స్థాయికి పీవైపీ, మధ్య స్థాయికి ఎంవైపీ, చివరి రెండేళ్లకు డిప్లొమా అనే దశలుగా సాగుతుంది. కేంబ్రిడ్జి వారు 1988లో ప్రారంభించిన ఐజీసీఎస్ఈ పదో తరగతి స్థాయి పరీక్ష. బ్రిటిష్ పద్ధతి బడిలో చెప్పే "ఇయర్ 7" అమెరికన్ పద్ధతిలోని "గ్రేడ్ 6"కు సమానం కనుక, అంకె పెరిగిందని పిల్లవాడు ఒక తరగతి దాటేశాడని మురవనక్కర్లేదు, తగ్గిందని దిగులుపడనక్కర్లేదు.

అపోహ: ఏడుకు అయిదు వచ్చిందంటే 71 శాతం, ఈ బడిలో ర్యాంకు చెప్పకుండా దాస్తారు.

మొదటి ప్రగతి పత్రం చేతికి రాగానే చాలా ఇళ్లలో జరిగే లెక్క ఇదే, ఆ లెక్క మొదటి మెట్టులోనే తప్పు. ఐబీలో 1 నుంచి 7 వరకు ఇచ్చే అంకె మార్కుల భాగహారం కాదు, ఒక వర్ణన; విద్యార్థి ఏమి అర్థం చేసుకున్నాడు, దానిని కొత్త సందర్భంలో ఎంతవరకు వాడగలుగుతున్నాడు అన్నదానికి ప్రతి అంకెకూ ముందే రాసిపెట్టుకున్న వివరణ ఒకటి ఉంటుంది. ఎంవైపీలో ప్రతి సబ్జెక్టును నాలుగు ప్రమాణాల మీద, అంటే నాలుగు వేర్వేరు సామర్థ్యాల మీద చూసి, ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 8 చొప్పున మొత్తం 32కు లెక్కగట్టి, 28 నుంచి 32 వరకు వచ్చినవారందరికీ 7 ఇస్తారు. 28 వచ్చిన అమ్మాయికీ 32 వచ్చిన అబ్బాయికీ పత్రంలో పడేది ఒకే అంకె. డిప్లొమాలో ఆరు సబ్జెక్టులకు తలా 7 చొప్పున 42, నాలుగు వేల పదాల లోపు రాసే పరిశోధన వ్యాసానికీ, "మనకు తెలిసినది ఎలా తెలిసింది" అని విచారించే జ్ఞానసిద్ధాంత పాఠానికీ కలిపి 3, వెరసి 45.

ర్యాంకు దాచడం అనే మాటకు వస్తే, అసలు లెక్కించనిదానిని దాచే పనే ఉండదు. ఒకే తరగతిలో నిరుడు సియోల్‌లో చదివిన పిల్ల, మొన్న నైరోబీ నుంచి వచ్చిన పిల్లవాడు, పుట్టినప్పటి నుంచి అదే ఊళ్లో ఉన్న మరొకరు పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఒకరి కంటే ఒకరు ఎన్ని మెట్లు పైన ఉన్నారో చెప్పడం వల్ల తెలిసేది తక్కువ; ప్రతి ఒక్కరినీ రాసిపెట్టుకున్న ప్రమాణంతో పోల్చడం ఒక్కటే అక్కడ కుదిరే పని. కార్పొరేట్ కళాశాల వారపు పరీక్షల జాబితాకు అలవాటుపడిన కంటికి ఇది ఉదాసీనతగా కనిపించవచ్చు గాని, అయిదు నుంచి ఆరుకు వెళ్లడానికి ఏమి చేయాలో ప్రమాణాల పట్టికలోనే రాసి ఉండడం ర్యాంకు ఇవ్వలేని సౌకర్యం.

ఈ సర్టిఫికెట్ మన దేశంలో చెల్లదన్న భయం కూడా తరచు వినిపిస్తుంది. ఐబీ డిప్లొమాను భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఇంటర్మీడియట్‌తో సమానంగా గుర్తిస్తుంది. ఇంజినీరింగ్ వైపు వెళ్లదలచినవారు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను మొదటే ఎంచుకోవడం, మే పరీక్షల ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి గనుక ప్రవేశాల తేదీలను ముందే చూసుకోవడం కుటుంబం చేయవలసిన పనులు.

అపోహ: హౌస్ అంటే పేరు మార్చిన సెక్షను.

హౌస్ అంటే ఇల్లు. ఇంగ్లండులోని పాత వసతి పాఠశాలల్లో విద్యార్థులు నిజంగానే వేర్వేరు ఇళ్లలో ఉండేవారు, ఒక్కో ఇంటికి ఒక ఉపాధ్యాయుడు పెద్దదిక్కుగా ఉండేవాడు. ఆ పద్ధతి పగటి బడులకు పాకినప్పుడు ఇల్లు పోయి పేరూ జెండా మిగిలాయి. మన బడుల్లో అది ఏడాదికొకసారి ఆటల పోటీల నాడు తొడిగే రంగు చొక్కాగా స్థిరపడింది కాబట్టి తల్లిదండ్రులు దానిని తేలికగా తీసుకుంటారు, లేదా ప్రతిభను బట్టి విడదీసిన జట్టేమోనని అనుమానిస్తారు. అంతర్జాతీయ పాఠశాలలో హౌస్‌లోకి అన్ని వయసులవారినీ కలిపి వేస్తారు, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ సాధారణంగా ఒకే హౌస్‌లో ఉంచుతారు. తరగతిలోని స్నేహితులు సగంమంది రెండేళ్లలో వెళ్లిపోయే చోట, చేరిన రోజు నుంచి వెళ్లే రోజు వరకు మారకుండా ఉండే చిరునామా అదొక్కటే.

అపోహ: ఇంటర్నేషనల్ డే అంటే వేషధారణ పోటీ.

ఐక్యరాజ్యసమితి అధికారపత్రం 1945 అక్టోబర్ 24న అమలులోకి వచ్చింది. అందుకే చాలా పాఠశాలలు ఆ తేదీకి అటూఇటూగా జెండాల ఊరేగింపు, వంటల సంత, పాటలూ నృత్యాలూ పెట్టుకుంటాయి. కొత్త కుటుంబానికి మొదటి చిక్కు దుస్తుల దగ్గర రాదు, జెండా దగ్గర వస్తుంది: పాస్‌పోర్టు అమెరికాది, పుట్టింది సింగపూర్‌లో, ఇంట్లో మాట్లాడేది తెలుగు అయినప్పుడు ఆ పిల్ల ఏ దేశం వరుసలో నడవాలి? చాలా బడులు ఆ నిర్ణయాన్ని పిల్లకే వదిలేస్తాయి, ఒక ఏడాది ఒక జెండా, మరుసటి ఏడాది మరొకటి పట్టుకున్నా ఎవరూ ఆక్షేపించరు. దానిని దేశభక్తి పరీక్షగా చూసి ఇంట్లో వాదన పెట్టుకోవలసిన అవసరం లేదు.

ఈ ఉత్సవం మీద విద్యావేత్తల విమర్శ కూడా ఉంది. తిండి, జెండా, పండుగ, దుస్తులు అనే నాలుగింటితో సంస్కృతి అయిపోయిందనుకోవడం పైపై పరిచయమే అవుతుందని వారి అభ్యంతరం, అది న్యాయమైనదే. భారతదేశపు బల్ల మీద సమోసాలు, వేదిక మీద హిందీ సినిమా పాట పెట్టి ముగించినప్పుడు తెలుగు పిల్లలకు తమ సొంత ఇల్లు కూడా అందులో కనిపించదు. ఉగాది పచ్చడిని తీసుకెళ్లి, కొత్త సంవత్సరం నాడు వేపపువ్వు చేదును కావాలని ఎందుకు తింటారో పిల్లే చెప్పగలిగితే, ప్రశ్న నుంచి పాఠం మొదలుపెట్టే పీవైపీ తరగతికి అది సరిగ్గా అతుకుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: పడనివారికి ప్రాణాపాయం కాగలవు గనుక అనేక పాఠశాలలు వేరుశనగ, జీడిపప్పు వంటివాటిని ఆవరణలోకే రానివ్వవు, నువ్వులను కూడా పదార్థాల పట్టీలో రాయమంటాయి, తెలుగువారి పులిహోరలో పల్లీలు, నువ్వుల పొడి ఎంత సహజమో వండిన చేతికి గుర్తుండకపోవచ్చు కాబట్టి, గిన్నె మీద ఆ చీటీ అంటించడం మర్యాద కిందికి కాక భద్రత కిందికి వస్తుంది.

అపోహ: తల్లిదండ్రుల సమావేశం అంటే టీచరు చెప్పేది వినడం, సేవా కార్యక్రమాలు సర్టిఫికెట్ కోసం.

విద్యార్థే నడిపే సమావేశం అనేది ఈ బడుల ఆచారాల్లో ఒకటి: పిల్లవాడు తన పనిని బల్ల మీద పరచి, ఏది బాగా వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అని తల్లిదండ్రులకు వివరిస్తాడు, టీచరు పక్కన ఉంటారు. "మావాడు ఎలా చదువుతున్నాడండీ?" అని తండ్రి పిల్లవాడి తల మీదుగా టీచరును అడిగిన క్షణంలో ఆ ఏర్పాటు మొత్తం వ్యర్థమవుతుంది, అడగవలసింది ఎదురుగా ఉన్న పిల్లవాడినే. డిప్లొమాలోని క్యాస్ కూడా ఇటువంటిదే. సృజన, శారీరక శ్రమ, సేవ అనే మూడింటి కూర్పుగా కనీసం 18 నెలల పాటు సాగే ఈ భాగానికి మార్కులు లేవు, అది పూర్తి కాకపోతే డిప్లొమా రాదు. చేసిన గంటల కన్నా, చేసినదాని గురించి విద్యార్థి రాసుకున్న ఆలోచనకే అక్కడ విలువ.

అపోహ: ఎలాగూ వెళ్లిపోతాం, పిల్లలు త్వరగా మరచిపోతారు.

సామాజిక శాస్త్రవేత్తలు రూత్ హిల్ యూసీమ్, జాన్ యూసీమ్ దంపతులు 1950లలో భారతదేశంలో నివసించే అమెరికన్లను పరిశీలించినప్పుడు, ఆ కుటుంబాలు పూర్తిగా స్వదేశపు పద్ధతిలోనూ లేక, పూర్తిగా ఇక్కడి పద్ధతిలోనూ లేక, రెంటి నడుమ తమదైన జీవనశైలి ఒకటి కల్పించుకున్నాయని గమనించి దానికి "మూడవ సంస్కృతి" అని పేరు పెట్టారు. ఈనాడు ప్రపంచమంతటా వాడే ఈ భావనకు పురుడు పోసిన నేల మనదే కావడం, ఇప్పుడు దాని అవసరం గల్ఫ్‌లోనూ ఆగ్నేయాసియాలోనూ ఉన్న తెలుగు పిల్లలకే కలగడం విశేషం. తరచు ఊళ్లు మారే ఈ పిల్లలు మరచిపోరు, దిగమింగుకుంటారు. ఏటా కొందరు స్నేహితులను పోగొట్టుకునేవారికి ఒక దశలో కొత్త స్నేహం చేయడమే దండగనిపిస్తుంది. ఇంగ్లీషులో తెప్ప అనే అర్థం వచ్చే "రాఫ్ట్" అన్న పొడి అక్షరాలతో డేవిడ్ పొలాక్ సూచించిన నాలుగు పనులు ఇందుకోసమే: మనస్పర్థలు తీర్చుకోవడం, మేలు చేసినవారికి ఆ మాట చెప్పడం, మనుషులతో పాటు చోట్లకూ వస్తువులకూ వీడ్కోలు పలకడం, వెళ్లబోయే ఊరి గురించి నిజాయితీగా ఆలోచించడం. ఏడాది చివరి వారంలో బడులు పెట్టే వీడ్కోలు సభలు చదువు చెడగొట్టే కాలక్షేపం కాదు; చవకగా వచ్చాయని సభకు రెండు రోజుల ముందు తేదీకి విమానం టికెట్లు కొనే కుటుంబం పిల్లల నుంచి ఆ తెప్పను లాక్కున్నట్టే.

అపోహ: ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడితే పిల్లలు త్వరగా అందుకుంటారు.

కొత్త కుటుంబాలకు ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ సంభాషణ భాషనూ చదువు భాషనూ విడదీసి చూపాడు: ఆటస్థలంలో గలగలా మాట్లాడడానికి సుమారు రెండేళ్లు చాలు, పాఠ్యపుస్తకంలోని తర్కాన్ని ఆ భాషలో పట్టుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఇంటి భాషలో కారణం, పోలిక, వాదన బలంగా ఉన్న పిల్లకు అవి రెండో భాషలోకి నడిచివెళతాయి. ఇల్లు వాటిని ఆపేసి, తల్లిదండ్రులు తమకు అంతగా పట్టులేని ఇంగ్లీషులో పొడిపొడిగా మాట్లాడితే రెండు వైపులా పునాది పలచబడుతుంది. తెలంగాణలో 2018 నాటి చట్టం బోర్డుతో నిమిత్తం లేకుండా అన్ని పాఠశాలల్లో పదో తరగతి వరకు తెలుగు బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది గాని, వారానికి కొన్ని పీరియడ్లు ఇంటి మాటలకు బదులు కాలేవు.

ఐబీ తనంతట తానే మాతృభాష సాహిత్యానికి చోటు ఉంచిందన్నది చాలామందికి తెలియదు. డిప్లొమా విద్యార్థి తనకు బాగా వచ్చిన భాషలో సాహిత్యం చదవాలన్నది నియమం. ఆ భాష బోధించేవారు బడిలో లేకపోతే, సాధారణ స్థాయిలో, పాఠశాల పర్యవేక్షణ కింద స్వయంగా చదువుకునే మార్గం ఉంది. అందులో చదవవలసినవి 9 రచనలు, వాటిలో కొన్ని ఇతర భాషల నుంచి వచ్చిన అనువాదాలు. అలా తెలుగు సాహిత్యం తీసుకుని, చరిత్రో జీవశాస్త్రమో ఇంగ్లీషులో రాసి, రెంటిలోనూ కనీసం 3 చొప్పున తెచ్చుకుని డిప్లొమా ఉత్తీర్ణత పొందిన విద్యార్థికి ద్విభాషా డిప్లొమా ఇస్తారు. భాషను బట్టి అందుకు ముందుగా ప్రత్యేక అభ్యర్థన పంపవలసి రావచ్చు, పంపవలసింది పాఠశాలే కాబట్టి, పదో తరగతి ముగిసేలోపే ఆ మాట డిప్లొమా కోఆర్డినేటరు చెవిన వేయవలసింది మాత్రం తల్లిదండ్రులు.