నొప్పి ఒకటే, బ్రతుకులు రెండు

ముసలితనంలో వీడని నొప్పి స్త్రీ నుంచి ఒకటి హరిస్తుంది, పురుషుని నుంచి మరొకటి. పోయినదేమిటో కనిపెట్టగలిగితే అందులో కొంతైనా తిరిగి తెచ్చుకోవచ్చు.

మన దేశంలో ఎన్నో ఇళ్ళలో కానవచ్చే దృశ్యమే ఇది. భర్తకు డెబ్భై ఏళ్ళు, భార్యకు అరవై అయిదు. ఇద్దరికీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. అయినా ఇద్దరి దినచర్యలూ ఒక్క తీరున లేవు. ఆయన సాయంకాలం షికారు మానుకున్నాడు. గ్రంథాలయానికి వెళ్ళడం, పెళ్ళిళ్ళకు ప్రయాణం కట్టడం మానుకున్నాడు. వసారాలోని పడక కుర్చీయే ఆయన లోకం. ఆమె ఏదీ మానుకోలేదు. తెల్లవారుజామునే లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, కత్తిపీట ముందు కూలబడి, మళ్ళీ లేవడానికి నేలమీద చెయ్యి ఆనించి, ఎలాగో ఆ పూట పని ముగిస్తుంది. ఇంటిల్లిపాదికీ తెలిసిన రోగి మాత్రం ఆయన ఒక్కడే.

మరి ఈ ఇద్దరిలో ఎవరి జీవితం ఎక్కువ దెబ్బతిన్నది? నొప్పిని గురించి పరిశోధించేవారు కొన్ని దశాబ్దాలుగా వేసుకుంటున్న ప్రశ్న ఇది. దీనికి లభిస్తున్న సమాధానం వైద్యులకే కాదు, ఇంట్లో పెద్దవారున్న ప్రతి ఒక్కరికీ ఉపయోగపడుతుంది.

దొంగ పోయినా మొరిగే కుక్క

ముల్లు గుచ్చుకుంటే కలిగే నొప్పి మనకు మిత్రుడు. కాలు వెనక్కి తీసుకోమని హెచ్చరించి, పుండు మానగానే సెలవు పుచ్చుకుంటుంది. దీర్ఘకాలిక నొప్పి స్వభావం వేరు. అది దొంగ వెళ్ళిపోయాక కూడా రాత్రింబవళ్ళు మొరుగుతూనే ఉండే కావలికుక్క వంటిది. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పినీ, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే నొప్పినీ వైద్యులు ఈ కోవలో చేరుస్తారు. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 11వ వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం లభించింది. అంతకుముందు ఇది చాలావరకు మరేదో జబ్బుకు లక్షణంగానే పరిగణింపబడేది.

వయసు మీరినవారిలో దీనికి కారణాలు అనేకం: కీళ్ళ అరుగుదల, వెన్నుపూసల జబ్బులు, ఎముకలు గుల్లబారి విరగడం, మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని అరికాళ్ళు మండడం, సర్పి తగ్గాక కూడా పోని పోటు. ఈ బాధలలో పెక్కింటి భారం స్త్రీలమీదనే ఎక్కువ. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 52.8 కోట్లమంది కీళ్ళ అరుగుదలతో బాధపడుతున్నారనీ, వారిలో నూటికి 60 మంది స్త్రీలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో 2017-18లో 45 ఏళ్ళు పైబడినవారినీ, వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72,000 మందికి పైగా పౌరులను ప్రశ్నించిన భారత వార్ధక్య అధ్యయనంలోనూ, తరచు నొప్పితో బాధపడుతున్నామని చెప్పినవారిలో స్త్రీల పాలే పెద్దది.

శరీరం చెప్పే సంగతి

ఈ తేడాకు కొంత కారణం శరీరంలోనే ఉన్నది. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గి స్త్రీల ఎముకలు త్వరగా పలచబడతాయి. ప్రయోగశాలలలో వేడి, ఒత్తిడి వంటివి ప్రయోగించి చూసినప్పుడు, సగటున స్త్రీలు పురుషులకంటె ముందుగా నొప్పిని గుర్తిస్తారు. ఇది సగటు మాత్రమేనని మరువరాదు. ఎంతోమంది పురుషులకంటె ఓర్పుగల స్త్రీలు కోకొల్లలు.

ఆశ్చర్యమేమంటే, నొప్పితో ఎక్కువ బాధపడేది స్త్రీలైనా, నొప్పిశాస్త్రం చిరకాలం మగ జీవులను చూసే పెరిగింది. ఈ రంగంలో ప్రముఖమైన 'పెయిన్' పత్రికలో పదేళ్ళపాటు వెలువడిన జంతు ప్రయోగాలను కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జెఫ్రీ మోగిల్ 2005లో పరిశీలించాడు. నూటికి 79 ప్రయోగాలు కేవలం మగ జంతువులపైనే జరిగినట్లు తేలింది. 2015లో ఆయనా, ఆయన సహచరులూ మరో వింత బయటపెట్టారు. నరానికి గాయమైన మగ ఎలుకలలో నొప్పిని కొనసాగించే పని వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే కణాలది. ఆడ ఎలుకలలో ఆ కణాలను అడ్డగించినా నొప్పి తగ్గలేదు. వాటిలో ఆ పని వేరే రోగనిరోధక కణాల ద్వారా జరుగుతున్నట్లు కనిపించింది. ఎలుకలకు నిజమైనదంతా మనుషులకు నిజం కానక్కరలేదు. కాని ఒకరిని పరీక్షించి ఇద్దరికీ మందు వ్రాసే అలవాటు ఎంత ప్రమాదకరమో ఇది తెలియజేసింది.

నమ్మకం దగ్గరే తేడా

శరీరం సంగతి అలా ఉండగా, నొప్పి ఉన్నదని చెప్పినప్పుడు వినేవారి తీరులోనూ భేదం ఉన్నది. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డయాన్ హాఫ్‌మన్, అనిటా టార్జియన్ అనే ఇద్దరు విదుషీమణులు అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి 2001లో ఒక వ్యాసం ప్రచురించారు. స్త్రీలు చెప్పే నొప్పిని మనసుకు సంబంధించినదని త్రోసివేయడం ఎక్కువనీ, వారికి తగిన చికిత్స అందడం తక్కువనీ వారు తేల్చారు. మన ఇళ్ళలో ఈ మాటే మరోలా వినిపిస్తుంది: "ఆవిడకు ఎప్పుడూ ఉండేవేగా!"

చెప్పే భాష కూడా ఇందుకు కొంత తోడ్పడుతుంది. మెగిల్ విశ్వవిద్యాలయానికే చెందిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో ఒక ప్రశ్నావళి రూపొందించాడు. నొప్పిని వర్ణించే 78 మాటలను 20 వర్గాలుగా విడదీసి, వాటిలో తనకు తగినది రోగినే ఎంచుకోమన్నాడు. ఎందుకంటే నరం దెబ్బతిన్న నొప్పిని చెప్పే మాట వేరు, కీలు అరిగిన నొప్పిని చెప్పే మాట వేరు. అనువాదం వృత్తిగా గలవారికి ఈ ప్రశ్నావళి ఒక పరీక్షే. అయితే తెలుగువారు దీనికి వెరవనక్కరలేదు. మనకు పోటు ఉన్నది, సలుపు ఉన్నది, తీపు ఉన్నది, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి, కలుక్కుమనడం ఉన్నాయి. ఇంత సంపద ఇంట్లో పెట్టుకుని, వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు మన పెద్దవాళ్ళు "ఒళ్ళు నొప్పులండీ" అనే ఒక్క మాటతో సరిపెడతారు. "అరికాళ్ళు మండుతున్నాయి, సూదులు గుచ్చినట్లుంది" అని ఆమె చెప్పగలిగితే వైద్యుని ఆలోచన కీళ్ళనుంచి నరాలవైపు మళ్ళుతుంది, మందూ మారుతుంది.

తూకానికి అందని నష్టం

నొప్పి ఎంత ఉన్నదని అడగడం ఒక ఎత్తు. ఆ నొప్పితో బ్రతుకు ఎలా ఉన్నదని అడగడం మరొక ఎత్తు. ఈ రెండవదానినే పరిశోధకులు జీవన నాణ్యత అంటారు. దీనిని కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 దశకంలో 15 కేంద్రాల సహాయంతో ఒక కొలబద్ద తయారుచేసింది. వాటిలో ఢిల్లీ, నాటి మద్రాసు కూడా ఉన్నాయి. 26 ప్రశ్నలు గల దాని సంక్షిప్త రూపం నేడు ఎన్నో దేశాలలో వాడుకలో ఉన్నది. శరీరం, మనస్సు, ఇతరులతో సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు కోణాలనుంచి అది మనిషిని పలకరిస్తుంది.

చేయవలసిన పనులకు నొప్పి ఎంతవరకు అడ్డువస్తున్నదన్నది అందులో ఒక ప్రశ్న. చూడడానికి సులువైనదే. కాని 'చేయవలసిన పని' అనే మాట వద్దనే భార్యాభర్తల దారులు చీలిపోతాయి. ఆమెకు అది వంట, నీళ్ళు, మనవల ఆలనాపాలనా. నొప్పి ఉన్నా లేకున్నా ఆ పని ఆగేది కాదు. అందుచేత "అడ్డు రాలేదు" అనవచ్చు. ఉద్యోగ విరమణ చేసిన ఆయన "ఇప్పుడు నాకు చేయవలసిన పనేమున్నది?" అని నిట్టూర్చవచ్చు. కాగితం మీద ఇద్దరికీ మంచి మార్కులే వస్తాయి. నిజానికి ఇద్దరూ నష్టపోయినవారే.

ఆమె నష్టం విశ్రాంతి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు జీతంలేని ఆ చాకిరీకి వెచ్చిస్తుంది. పాల్గొనే పురుషుడు 97 నిమిషాలు. అరవై నిండినంత మాత్రాన వంటింటినుంచి ఎవరూ విరమణ ఉత్తర్వులు ఇవ్వరు. మరొక సంగతి: మన వృద్ధులలో విధురులకంటె వితంతువుల సంఖ్య ఎన్నో రెట్లు. చేతిలో సొంత డబ్బులేని వితంతువుకు మందుబిళ్ళ కొనాలన్నా, వైద్యుని వద్దకు వెళ్ళాలన్నా కొడుకు వీలు చూసుకోవాలి, కోడలి ముఖం చూడాలి. అడగడం కంటె ఓర్చుకోవడమే మేలని ఆమె అనుకుంటే అందులో వింత లేదు.

ఆయన నష్టం వేరు. మగవాడు బాధను పైకి చెప్పరాదని బాల్యంనుంచి నేర్చుకున్న పాఠం వార్ధక్యంలో అపకారమే చేస్తుంది. నొప్పి వచ్చినప్పుడు స్త్రీలు నలుగురితో చెప్పుకుంటారు, సహాయం కోరుతారు, ఓదార్పు వెతుక్కుంటారు. పురుషులలో ఈ గుణం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఆమెకు ఇరుగుపొరుగు ఉన్నది. ఆఫీసుతోపాటే స్నేహితులనూ పోగొట్టుకున్న ఆయనకు చాలాసార్లు భార్య ఒక్కతే దిక్కు. ఆమె కూడా పోతే పలకరించే గొంతే లేదు. ఆత్మహత్య చేసుకునే వృద్ధులలో పురుషులే ఎక్కువ. వీడని నొప్పి మనిషిని అటు నెట్టే కారణాలలో ఒకటి. ఇది ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇంతకూ ఏ నష్టం పెద్దది? పెక్కు అధ్యయనాలలో స్త్రీల జీవన నాణ్యతకే తక్కువ మార్కులు వచ్చాయి. కాని చదువు, ఆదాయం, వైధవ్యం, మనోవ్యాకులత వీటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ అంతరం బాగా కుంచించుకుపోతుంది. అంటే, తేడాలో పెద్ద భాగం ఎముకలలోనూ నరాలలోనూ లేదు. మనం బ్రతికే తీరులోనే ఉన్నది. ఎముకను మార్చడం కష్టం. తీరు మార్చుకోవడం మన చేతిలోని పని.

మనం చేయదగినవి

అడిగే ప్రశ్న మార్చండి. "నొప్పి ఎలా ఉంది?" అంటే "మామూలే" అనే జవాబు వస్తుంది. నాన్నగారిని "నొప్పివల్ల ఏమేం మానుకున్నారు?" అని అడగండి. అమ్మను "ఓపిక లేకపోయినా మానుకోలేక ఏమేం చేస్తున్నావు?" అని అడగండి. ఆ జవాబులనే కాగితంపై వ్రాసి వైద్యునికి చూపండి.

ఇంటిని సవరించండి. కూర్చుని తరుగుకునేందుకు ఎత్తుపాటి బల్ల, స్నానాల గదిలో పట్టుకునేందుకు కమ్మీ, కుర్చీ వంటి మరుగుదొడ్డి ఉంటే అరిగిన మోకాలికి ఎంతో సుఖం. వీటికయ్యే ఖర్చు కొద్దిపాటిదే. అంతకంటె ముఖ్యం, బరువు పనులు మరొకరు పంచుకోవడం.

కదలికను మందుగా భావించండి. మోకాళ్ళ అరుగుదలకు తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, మితమైన నడక, అధిక బరువు తగ్గించుకోవడం నిరూపితమైన చికిత్సలు. "రోజంతా పనే చేస్తున్నాను, వేరే వ్యాయామం దేనికి?" అని స్త్రీలు అంటారు. చాకిరీ కీళ్ళను అలయజేస్తుంది. వ్యాయామం వాటిని మోసే కండరాలను పెంచుతుంది. రెండింటికీ పోలిక లేదు.

నొప్పి బిళ్ళలతో జాగ్రత్త. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే బిళ్ళలలో కొన్ని వృద్ధులకు కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు, రక్తపోటు తెచ్చిపెడతాయి. ఏ బిళ్ళ, ఎన్నాళ్ళు అన్నది వైద్యుడే నిర్ణయించాలి. రాత్రిళ్ళు మరీ ఎక్కువయ్యే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్ళు పట్టుతప్పడం, మలమూత్రాలపై అదుపు పోవడం, పడిన తరువాత వచ్చే వెన్నునొప్పి కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

మనసును విస్మరించకండి. నొప్పి దిగులును పెంచుతుంది, దిగులు నొప్పిని పెంచుతుంది. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా వైద్యునితో చెప్పండి. దిగులుకూ చికిత్స ఉన్నది. మౌనంగా కూర్చున్న తండ్రికి రోజూ చేయగల చిన్న బాధ్యత ఒకటి అప్పగించండి: మనవడికి లెక్కలు చెప్పడమో, వీధి చివరివరకు వెళ్ళి కూరగాయలు తేవడమో. ఇంట్లో తనకూ పని ఉన్నదన్న భావం ఆయనను కుర్చీనుంచి లేపుతుంది.

ప్రభుత్వాలు చేయవలసినదీ చాలా ఉన్నది. వృద్ధుల కోసం 2010-11లో జాతీయ ఆరోగ్య కార్యక్రమం ఆరంభమయింది. 2024 అక్టోబరునుంచి 70 ఏళ్ళు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ బీమా వర్తిస్తున్నది. కాని ఆ బీమా ఆసుపత్రిలో చేరినవారి కోసం. వీడని నొప్పితో బాధపడేవారిలో చాలామంది ఆసుపత్రిలో చేరరు, ఇంట్లోనే ఉంటారు. వారికి కావలసినది దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో తీరికగా వినే వైద్యుడు, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు.

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవారు 10 కోట్లు మించారు. వారిలో పురుషులకంటె స్త్రీలే ఎక్కువ. ఆ సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. ఆయుర్దాయం పెంచుకోవడంలో మనం సాధించిన విజయం చిన్నది కాదు. పెరిగిన ఆ ఏళ్ళలో ఆమెకు కాస్త విశ్రాంతీ, ఆయనకు కాస్త సాంగత్యమూ సమకూర్చడానికి పెద్ద ఆసుపత్రులే అక్కరలేదు. ఈ సాయంకాలం పక్కన కూర్చుని, అడగవలసిన ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.