గోలు కొట్టనివాడి లెక్క

నిడమనూరులోనో మిర్యాలగూడలోనో సాయంత్రం గ్రౌండుకు వెళ్తే కనిపించేది క్రికెట్, వాలీబాల్, కబడ్డీ. ఫుట్‌బాల్ తక్కువే. అయినా హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టు ఆటగాళ్ల పేర్లు ఇక్కడి ఫోన్లలోనూ వినబడ్డాయి. ఆ జట్టు వెనక వరసలో హువానన్ అనే స్పెయిన్ ఆటగాడున్నాడు. ఎక్కడో అట్లాంటిక్‌లోని కానరీ దీవుల్లో, లాస్ పాల్మాస్‌లో 1987లో పుట్టినవాడు మన జట్టు దాకా ఎట్లా వచ్చాడు? ఆ దారి తెలిస్తే క్లబ్ ఫుట్‌బాల్ ఎట్లా నడుస్తుందో సగం తెలిసినట్టే.

స్పెయిన్‌లో పెద్ద క్లబ్బులకు రెండో జట్లుంటాయి. రియల్ మాడ్రిడ్ రెండో జట్టు పేరు కాస్టియా. ఇవి కుర్రాళ్ల మ్యాచులకే పరిమితం కావు, కింది డివిజన్లలో మామూలు క్లబ్బులతో పోటీపడతాయి. కానీ మొదటి జట్టు ఉన్న డివిజన్‌లోకి రెండో జట్టు ఎంత గెలిచినా ఎక్కనివ్వరు. 1980లో కాస్టియా దేశవాళీ కప్ ఫైనల్ దాకా వెళ్లి తన సొంత పెద్ద జట్టు చేతిలోనే 6-1తో ఓడింది. తర్వాత రెండో జట్లను ఆ కప్‌కే దూరం పెట్టారు. దీనితో ఏమవుతుందంటే, మంచి శిక్షణ పొందిన ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ల ఆటగాళ్లు ఏటా చాలామంది తయారవుతారు, పైన ఖాళీలు మాత్రం ఒకటో రెండో. మిగిలినవాళ్లు బయట దారి వెతుక్కోవాలి.

హువానన్ కాస్టియాలో ఆడి, జర్మనీలోని ఫార్చునా డ్యూసెల్‌డార్ఫ్‌కు వెళ్లాడు. 2016లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు. అప్పుడు అక్కడి కోచ్ స్పెయిన్‌కు చెందిన ఆల్బర్ట్ రోకా. తన దేశపు ఆట, తన భాష తెలిసినవాణ్ణి కోచ్ కోరుకోవడం సహజం. అందుకే ఆటగాడి దారి చాలాసార్లు కోచ్ వెంటే నడుస్తుంది. ఇంకో కారణం డబ్బు. ఒప్పందం ముగిసిన ఆటగాడిని తెచ్చుకుంటే పాత క్లబ్బుకు పైసా కట్టనక్కర్లేదు, జీతం ఇస్తే చాలు. మన క్లబ్బులకు వచ్చే విదేశీయుల్లో ముప్పై అటూఇటూ వయసువాళ్లు ఎక్కువ ఉండేది అందుకే. ‘అక్కడ పనికిరాక ఇక్కడికొచ్చాడు’ అని తేలిగ్గా అనేయడం నాకు నచ్చదు. ఒకే ఊళ్లో ఐదేళ్లు నిలబడ్డవాణ్ణి అట్లా అనలేం.

బెంగళూరు 2016లో ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ చేరింది. భారత క్లబ్బు అక్కడిదాకా వెళ్లడం అదే మొదటిసారి. 2018-19లో సూపర్ లీగ్ గెలిచింది. హువానన్ 2021లో హైదరాబాద్‌కు మారాడు.

సరిగ్గా ఆ ఏడే నిబంధన మారింది. మైదానంలో ఉండే పదకొండు మందిలో అంతవరకు ఐదుగురు విదేశీయులకు చోటుండేది, 2021-22 నుంచి నలుగురికే. ఆ నాలుగు చోట్లలో ఒకటి డిఫెండర్‌కు ఇవ్వాలంటే కోచ్‌కు గట్టి నమ్మకం ఉండాలి. గోలు కొట్టేవాడి విలువ అంకెల్లో కనబడుతుంది. ఆ సీజన్‌లో హైదరాబాద్ ఫార్వర్డ్ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. డిఫెండర్ పని కబడ్డీలో కవర్ ఆటగాడి పనిలాంటిది: ఈలలన్నీ రైడర్‌కే, కానీ కవర్ ఒక్క అడుగు తప్పితే పాయింటు పోతుంది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. హువానన్ పక్కన చింగ్లెన్‌సానా సింగ్. కేరళ బ్లాస్టర్స్ ముందుగా గోలు కొట్టింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, హైదరాబాద్ 3-1తో గెలిచింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కాబట్టి హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన హువానన్, ఆ జట్టు తరఫున సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు.

అతనికి ముందు ఆ చోట ఆడింది ఒడేయ్ ఒనైందియా, స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంవాడు. 2020-21లో అతనితో కలిసి వెనక వరసలో ఆడిన చింగ్లెన్‌సానా, ఆకాశ్ మిశ్రా ఆ సీజన్ ముగియగానే, 2021 మార్చిలో ఒమన్‌పై భారత జట్టుకు తొలి మ్యాచ్ ఆడారు. ఘనత అంతా కోచ్ మనోలో మార్కెజ్‌దో, ఒడేయ్‌దో అననుగానీ, పక్కన అనుభవజ్ఞుడు ఉండటం కుర్రాళ్లకు చిన్న మేలు కాదు. ఒడేయ్ 2022లో మళ్లీ వచ్చాడు. ఆ సీజన్ సెమీఫైనల్ రెండు మ్యాచుల్లో, అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలు జట్టు ఒక్క గోలూ ఇవ్వలేదు. అయినా మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయింది.

డిఫెండర్లను బయటినుంచి తెచ్చుకోవడం హైదరాబాద్‌కు పాత అలవాటేమీ కాదు. 1960ల్లో ఈ ఊరి డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాడు.

హైదరాబాద్ ఎఫ్‌సీ మాత్రం నిలబడలేదు. 2023-24కు వచ్చేసరికి బకాయిల గొడవలు, కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం, పట్టికలో అట్టడుగు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.