లాగడం తేలికే... ఆపడమే అసలు పని!

కొత్త ట్రాక్టర్, వెనక పాత ట్రక్కు.. కోతల ముందు క్యాంపు రైతుకు నెల రోజులే గడువు

గంగావతి: దసరా దగ్గర పడితే చాలు, గంగావతి, కారటగి, సింధనూరు రోడ్ల మీద పూలదండలు వేసుకున్న కొత్త ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఆయుధ పూజకు బండి ఇంటికి రావాలన్నది కన్నడ నాట అందరికీ ఉన్న ఆనవాయితీ. తుంగభద్ర ఆయకట్టులోని తెలుగు క్యాంపులూ ఎప్పుడో అందులో కలిసిపోయాయి. గుమ్మడికాయ పగులుతుంది, చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి, ఇంటిల్లిపాదీ బండి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఇంకో నెల తిరిగేసరికి వరికోతలు. అంటే కొత్త బండి, దాన్ని తోలే మనిషి ఒకరికొకరు అలవాటు పడటానికి మిగిలేది ఆ నెల రోజులే.

ఆ నెలా దేనికి పోతుందో చూడండి. టాపు ఏ రంగు వేయించాలి, ముందు ఏ దేవుడి పేరు రాయించాలి, పాటల పెట్టె ఎక్కడ బిగించాలి.. ఇవన్నీ తేలేసరికి కోత మిషన్ పొలంలో దిగుతుంది. వెనక తగిలించే ట్రక్కు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అది పాత బండి నాటిదే, పదేళ్లో పదిహేనేళ్లో పనిచేసి ఉంటుంది. కొత్త ట్రాక్టర్ వచ్చిందని అదేం కొత్తదైపోదు కదా!

పేరు గురించి ఒక మాట. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి 1950ల తర్వాత ఇక్కడికి వచ్చి రేగళ్లను వరిమళ్లుగా మార్చిన పెద్దలు దీన్ని ట్రక్కు అన్నారు. కుర్రాళ్లు ట్రాలీ అంటున్నారు. ఆర్టీవో కాగితాల్లో ట్రైలర్. పేరేదైనా దానికి ఇంజను లేదు. మన దగ్గర తిరిగేవాటిలో చాలావాటికి బ్రేకు కూడా లేదు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

బరువు తెలియకపోవడమే గండం

పాత 35 హార్స్‌పవర్ బండికి ఓ సుగుణం ఉండేది. బరువెక్కువైతే మూలిగేది. కాల్వగట్టు ఎక్కాలంటే పొగ కక్కేది, గేరు దించమని అడిగేది. తోలేవాడికి వెనక ఎంతుందో నడుముకే తెలిసేది. కొత్తగా వస్తున్న 45, 50 హార్స్‌పవర్ బళ్లు అలా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడంతో, ఎలాగూ కొంటున్నాం కదా, ఒక మెట్టు పెద్దదే కొందాం అనే ఆలోచన సహజం. ఆ పెద్ద బండి నిండు ట్రక్కును సునాయాసంగా లాక్కుపోతుంది. అసలు బరువున్నట్టే లేదని మురిసిపోతాం. ఆ మురిపెం ఎదురుగా గేదె అడ్డం వచ్చేదాకే.

లెక్క చూద్దాం. వడ్ల బస్తా 75 కిలోలు. 80 బస్తాలంటే 6 టన్నులు. వంద బస్తాలంటే ఏడున్నర. ట్రక్కు సొంత బరువు దానికి అదనం. ముందున్న ట్రాక్టర్ బరువు కాస్త అటూ ఇటూగా 2 టన్నులు. సాధారణ బండికి బ్రేకు పడేది ట్రాక్టర్ వెనక చక్రాలు రెండింటికే. అంటే తనకు మూడింతలకు పైగా ఉన్న బరువు వీపు మీద పడి తోస్తుంటే, రెండు చక్రాలు కాళ్లు తన్నిపెట్టి ఆపాలి. పైగా వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. హార్స్‌పవర్ ఎంత పెరిగినా ఈ లెక్క మారదు. ఇంజను లాగడానికే సాయం చేస్తుంది.

బస్తాల రోజుల్లో కనీసం లెక్కయినా ఉండేది. ఇప్పుడు కోత మిషన్ ట్యాంకులోంచి గింజ నేరుగా ట్రక్కులోకి ధారగా పడుతోంది. పచ్చి వడ్లు ఎండువాటికంటే బరువు. నిండిందా లేదా అని కంటితో చూడటమే తప్ప ఎన్ని టన్నులో ఎవరికీ తెలియదు. దీనికి మార్గం మన దగ్గరే ఉంది. మిల్లుకు పోయినప్పుడు కాటా ఎలాగూ వేస్తారు. ఆ చీటీని డబ్బు లెక్కకే కాకుండా ఒకసారి బండి లెక్కకూ చూసుకోండి. ట్రక్కు ఏ పట్టీ వరకు నిండితే ఎన్ని టన్నులైందో చీటీ చెబుతుంది. అక్కడో రంగు గీత పెట్టుకుంటే సీజనంతా అదే కొలత. అనుమతించిన బరువు దాటితే 2019 చట్ట సవరణ ప్రకారం జరిమానా 20 వేల రూపాయలు, పైన టన్నుకు 2 వేలు. కానీ జరిమానా కట్టి బయటపడితే అది అదృష్టం కిందే లెక్క.

ఎడ్లబండి తోలినవాళ్లకు తెలుసు

ముందుకు ఎంత బరువు పెట్టాలి, వెనక్కి ఎంత అన్నది ఎడ్లబండి తోలిన తాతలకు చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలు పట్టేస్తుంది. ముందు ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. రెండు చక్రాల ట్రక్కుదీ అచ్చం ఇదే తీరు. బరువు వెనక్కి వాలితే ట్రాక్టర్ వెనక భాగం తేలికవుతుంది. బ్రేకు ఉన్నది ఆ చక్రాలకే కాబట్టి, పట్టు తప్పి జారతాయి. మరీ ముందుకు పడితే కొక్కెం కిందికి నొక్కుకుపోయి ముందు చక్రాలు గాలిలో తేలినట్టవుతాయి. స్టీరింగ్ తిప్పుతున్నా బండి తిరగదు. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచిన బళ్లను ఈ ప్రాంతంలో చూడనివాళ్లు అరుదు. నవ్వుకుంటూ బానెట్ మీద ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి ఎక్కించడమూ చూశాం. బరువు కావాలంటే ముందు తగిలించే ఇనుప దిమ్మలు దొరుకుతాయి. మనుషులు దిమ్మలు కారు.

కొక్కెం దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. నాగలి, గొర్రు తగిలించే కింది చేతుల మధ్య ఇనుప పట్టీకే ట్రక్కును తగిలించేస్తారు. ఇంకొందరు ఇంకా పైకి పోతారు. లాగే చోటు ఎంత పైకి పోతే ట్రాక్టర్ వెనక్కి తిరగబడే ప్రమాదం అంత ఎక్కువ. ట్రక్కు కోసం కంపెనీ ఇచ్చిన కొక్కెం విడిగా, కింద ఉంటుంది. దానికే తగిలించాలి. పిన్ను కూడా దానికి సరిపోయేదే వాడాలి. పిన్ను పోయిందని దొరికిన బోల్టో, ఇనుప ఊచో దూర్చి, లాకు లేకుండా పోవడం పెద్ద సాహసం. గతుకులో ఊచ ఎగిరి బయటకొస్తే ట్రక్కు తన దారి తాను చూసుకుంటుంది. పక్కన కాల్వ ఉంటే ఇక చెప్పేదేముంది! పిన్నుకు తోడు ఒక గొలుసు కడితే అది ఆఖరి రక్షణ.

రెండు పెడళ్లు.. ఒక పట్టీ

కారు, లారీ తోలి ట్రాక్టర్ ఎక్కినవాళ్లు తికమకపడేది బ్రేకు దగ్గరే. కుడికొకటి, ఎడమకొకటి.. రెండు పెడళ్లు. పొలంలో మడి చివర బండిని చటుక్కున తిప్పడానికి ఒకటే తొక్కుతాం. రోడ్డెక్కేటప్పుడు ఆ రెండింటినీ కలిపే చిన్న పట్టీ వేయాలి. వేయకుండా వేగంలో ఒక పెడల్ తొక్కితే బండి ఆ పక్కకే గిరుక్కున తిరుగుతుంది, వెనక ట్రక్కు మాత్రం నేరుగా తోసుకొస్తుంది. రెండూ మడత పడతాయి. చాలా బళ్లలో ఈ పట్టీ ఎక్కడుందో కూడా తెలియకుండా తుప్పు పట్టి ఉంటుంది. కొత్త బండికి ఆ సాకు లేదు.

పట్టీ వేసినంత మాత్రాన సరిపోదు. రెండు వైపులా బ్రేకు సమానంగా పట్టాలి. ఖాళీ ట్రక్కు తగిలించి, జనం లేని మట్టిరోడ్డు మీద నెమ్మదిగా పోతూ ఒకసారి ఆపి చూడండి. వెనక చక్రాల గీతలు రెండూ ఒకే పొడవు ఉండాలి. తేడా ఉంటే మెకానిక్ పది నిమిషాల్లో సరిచేస్తాడు. మొదటి సర్వీసు చాలా కంపెనీలు 50 గంటల దగ్గర పెడతాయి. కోతల హడావుడిలో దాన్ని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. ఇంజనాయిలు మార్చడం ఒక్కటే సర్వీసు కాదు. కొత్త బండికి చక్రాల నట్లు మొదటి రోజుల్లోనే వదులవుతాయి, పెడళ్ల ఆట మారుతుంది. ఇవి చూసేది అప్పుడే. ఇక దమ్ము చేసిన పాత బండిని ఊరికే కడిగేసి ట్రక్కు తగిలించే అలవాటు కూడా మంచిది కాదు. పొడి బ్రేకులున్న వాటిలోకి బురద నీళ్లు దిగితే పట్టు సగమైపోతుంది.

గట్టు దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లున్నారు. మిగిలే డీజిలు చెంచాడు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, అదీ దిగడం మొదలుపెట్టకముందే వేసుకోవాలి. మధ్యలో క్లచ్ తొక్కితే బరువంతా బ్రేకు మీదే పడుతుంది.

వెనక్కి తోలడం వేరే విద్య. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రక్కు ఎడమకు పోతుంది. నాలుగు చక్రాల ట్రక్కయితే ముందు ఇరుసు కూడా తిరుగుతుంది కాబట్టి అనుభవజ్ఞులకూ చెమటలే. మిల్లు గేటు ముందు, వెనక ఇరవై బళ్లు హారన్లు కొడుతుంటే నేర్చుకునే విద్య కాదిది. కళ్లంలో నాలుగు ఖాళీ బస్తాలు నిలబెట్టి రెండు సాయంత్రాలు తిప్పితే వస్తుంది.

కాల్వ గట్టు మీద కూలీల బండి

వడ్లు పోయిన ట్రక్కు మర్నాడు ఉదయం కూలీలను ఎక్కించుకుంటుంది. ఇది రాయడం ఇబ్బందే, ఎందుకంటే ఈ ఆయకట్టులో నాట్లు, కలుపు అలాగే సాగుతున్నాయి. అయినా 2018 మరిచిపోయే ఏడాది కాదు. ఆ ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టర్ కాల్వలో పడి 9 మంది మహిళా కూలీలు చనిపోయారు. జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాల్వలో ట్రాక్టర్ బోల్తా పడి 15 మంది పోయారు. రెండూ కాల్వ పక్క దారులే. మన దారులూ అవే. వానొస్తే రేగడి గట్టు సబ్బులా జారుతుంది. ట్రక్కు మలుపులో ట్రాక్టర్ పోయిన జాడలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. వంతెన మలుపుల్లో ట్రాక్టర్ బాగానే దాటుతుంది, ట్రక్కు లోపలి చక్రమే అంచు దిగుతుంది. కూలీల కోసం ఆటోకో, వ్యానుకో ఇచ్చే కిరాయి భారమే. కానీ ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే. మడ్‌గార్డు మీద, ట్రక్కులో కూర్చున్నవాళ్లకు ఏదైనా అయితే బీమా కంపెనీలు మొదట ఎత్తిచూపేదీ ఆ సంగతినే.

కాగితాల దగ్గరా మనవాళ్లు ట్రక్కును మరిచిపోతారు. ట్రాక్టర్‌కు కేఏ 37 అనో, కేఏ 36 అనో నంబరు రాగానే పని అయిపోయిందనుకుంటారు. ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని నంబరు దాని పక్కన, లాగే ట్రాక్టర్ నంబరు ట్రక్కు వెనక కనపడాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కొత్త ట్రాక్టర్ వచ్చాక కూడా వెనక పాత ట్రాక్టర్ నంబరుతోనే తిరుగుతున్న ట్రక్కులు ఎన్నో! బీమా పాలసీలో ట్రక్కు చేరిందో లేదో కూడా అడిగి రాయించుకోవాలి. లైసెన్సు విషయంలో కొంత ఊరట ఉంది. ట్రాక్టర్ తోలే లైసెన్సున్న మనిషి, వెనక ట్రైలర్ తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడు కాడని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత వడ్లకు తీసుకున్న బండితో ఇసుక, ఇటుక కిరాయికి తోలితే మాత్రం అది వేరే లెక్క. కంతులు కట్టాలంటే కిరాయి తప్పదన్న మాట నిజమే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, నీళ్లు లేకపోతే కంతులెలాగని క్యాంపుల్లో ఎంతమంది నిద్రపోలేదో! కిరాయికి తోలాల్సి వస్తే దానికి తగ్గట్టు రిజిస్ట్రేషన్, బీమా మార్పించుకుని తోలాలి.

ఇక దీపాలు. కొత్త ట్రాక్టర్ వెనక ట్రక్కు దీపాలకు కరెంటిచ్చే సాకెట్టు ఉంటుంది. చాలామంది దాని మూత కూడా తెరవరు. పాత ట్రక్కుకు వైరు లేదు, బల్బు లేదు. మిల్లు దగ్గర వరస తెమిలి ఖాళీ బండి తిరిగొచ్చేది రాత్రి పూటే. చీకట్లో వెనక నుంచి వచ్చే మోటార్ సైకిల్ కుర్రాడికి ఆ ట్రక్కు కనపడేసరికే ఆలస్యమవుతుంది. వైరు, రెండు ఎర్ర బల్బులు, మెరిసే రేకు టేపు కలిపినా పాటల పెట్టె ఖరీదు కాదు.

షోరూమ్‌లో బండితో పాటు ఒక పుస్తకం ఇస్తారు. ఇక్కడ అది కన్నడంలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంటి పెద్దకు చదవడం వచ్చింది తెలుగు, అందుకని అది ప్లాస్టిక్ కవరు విప్పకుండా టూల్‌బాక్స్‌లో పడి ఉంటుంది. కన్నడ మీడియంలో చదువుతున్న మనవడో, మనవరాలో ఇంట్లో ఉండనే ఉంటారు. ఏ కొక్కెం, ఎంత బరువు, టైర్లలో పొలానికి ఎంత గాలి, రోడ్డుకు ఎంత అన్నది అందులో పేజీ వేసి మరీ రాసి ఉంటుంది. కోత మిషన్ రాకముందే ఆ పేజీలు చదివించుకోండి.